కొత్తవాళ్ళ కోసం పాత నోటుపుస్తకం

నేపథ్యం

నెల్లూరులో ప్రకృతి చికిత్స, యోగ చికిత్స చేస్తూ నాకు ఇరవై ఏళ్ళు దాటాయి. కొన్నేళ్ళుగా నొప్పులతో వచ్చేవాళ్ళతో పాటు, ఇదే పనిలోకి కొత్తగా దిగి కేంద్రం నడవక అవస్థ పడుతున్నవాళ్ళు కూడా నా దగ్గరికి వస్తున్నారు. మర్దన ఎలా చేయాలో, ఉపవాసం ఎవరికి పెట్టకూడదో నేర్పే చోట్లు ఉన్నాయి. నేర్చుకున్నదానితో గది అద్దె ఎలా కట్టుకోవాలో మాత్రం ఎవరూ నేర్పరు. ఈ కేసు అలా వచ్చిన ఒకామెది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. ఊరు పేరు చెప్పను. ఆమెను, ఆమె దగ్గరికి వచ్చినవాళ్ళను పోల్చుకోగలిగే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

ఒంగోలుకూ నెల్లూరుకూ మధ్య ఒక చిన్న పట్టణం అనుకోండి. ఆమె యోగాలో, ప్రకృతి చికిత్సలో డిప్లొమా చేసింది. తర్వాత ఆక్యుప్రెషర్ నేర్చుకుంది. చేతిలో పనితనం ఉంది, నా మెడ మీదే పరీక్షించి చూశాను. బజారు వీధిలో మందుల షాపు పైన నెలకు 5,500 రూపాయల అద్దెకు గది తీసుకుంది. నా దగ్గరికి వచ్చేనాటికి తెరిచి పద్నాలుగు నెలలైంది.

ఆ ప్రాంతపు అలవాటు ఒకటి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మా వైపు మామూలు జ్వరానికి వీధిలో ఆర్‌ఎంపీ డాక్టరు ఉంటాడు. కాస్త ముదిరితే ఒంగోలు వెళ్తారు, లేదా నెల్లూరులో ఆస్పత్రులుండే పొగతోటకు వస్తారు. అక్కడా తేలకపోతే చెన్నై, ఆ తర్వాత వేలూరు. ఈ దారంతా తిరిగి, ఫైళ్ళు లావెక్కి, చేతిలో డబ్బులు అయిపోయాక "ఇది కూడా చూద్దాం" అని మా గుమ్మం ఎక్కుతారు. అంటే అందరికన్నా కష్టమైన కేసులు, అందరికన్నా తక్కువ ఓపికతో మా వంతుకు వస్తాయి. కొత్తగా పెట్టినవాళ్ళకు మొదటి ఏడాదిలోనే చెడ్డపేరు ఎందుకు వస్తుందో ఈ ఒక్క విషయంతో చాలావరకు తెలిసిపోతుంది.

ఏ సమస్యతో వచ్చింది

"కొత్తవాళ్ళు రావడం లేదు మేడమ్. ఏం చేస్తే వస్తారు?" ఆమె అడిగింది ఇంతే.

నెలకు ఆరేడు వేలు వస్తున్నాయి. అద్దె, కరెంటు, నూనెలు పోగా చేతికి మిగిలేది ఏమీ లేదు. భర్త జీతం మీద గది నడుస్తోంది. ఇంకో ఆరు నెలలు చూసి మూసేద్దామని ఇంట్లో మాట కూడా వచ్చింది. మాటల మధ్యలో ఆమె కృష్ణపట్నం సంగతి ఎత్తింది. 2021 మే నెలలో కరోనా మందు కోసం అక్కడికి వేలమంది తరలివచ్చిన దృశ్యం ఈ జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు. "ఒక్క కరపత్రం కూడా వేయకుండానే అంతమంది వెళ్ళారు కదా. నోటిమాటకు అంత బలం ఉంటే నాకెందుకు పనిచేయడం లేదు?"

ఆ ప్రశ్న మంచిదే. అయితే అక్కడికి జనాన్ని తీసుకెళ్ళింది ప్రాణభయం. మందు ఉచితం, ఒక్కసారి వెళ్తే సరిపోయేది. మన పని దీనికి పూర్తిగా తలకిందులు. ప్రాణం మీదికి రాని నొప్పికి, డబ్బిచ్చి, పదిసార్లు రావాలి. ఆ నోటిమాట వేరు, మనకు కావలసిన నోటిమాట వేరు అని చెప్పాను. ఆమెకు అప్పుడు నచ్చినట్టు లేదు.

అప్పటికే చేసి చూసినవి

మూడు వేల కరపత్రాలు అచ్చువేయించి దినపత్రికల్లో పెట్టించింది. నాకు ఒకటి చూపించింది. పై భాగంలో గాంధీజీ బొమ్మ. ప్రకృతి చికిత్సను నమ్మిన గాంధీజీ 1921 ఏప్రిల్‌లో మన పల్లిపాడుకు వచ్చి ఆశ్రమం ప్రారంభించారని ఒక పేరా. నిజమే, గర్వపడాల్సిందే. కానీ నడుము పట్టేసినవాడికి దానితో పనేమిటి? దాని కింద ఇరవై రెండు జబ్బుల పేర్లు: షుగరు, బీపీ, థైరాయిడ్, స్థూలకాయం, పక్షవాతం, సంతానలేమి, మోకాళ్ళ నొప్పులు, నిద్రలేమి, ఇంకా చాలా. వచ్చిన ఫోన్లు నాలుగు. అందులో ఒకాయన మందులు కొరియర్‌లో పంపుతారా అని అడిగి పెట్టేశాడు.

జూన్ 21న యోగా దినోత్సవం నాడు ఉచిత శిబిరం పెట్టింది. డెబ్బై మంది దాకా వచ్చారు, రాగి జావ తాగారు, ఫొటోలు దిగారు. తర్వాత గదికి వచ్చినవాళ్ళు ఇద్దరు. వాట్సాప్‌లో రోజూ పొద్దున్నే ఆరోగ్య సూత్రాలు పంపేది. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో ఒకేసారి 256 మందిని పెట్టుకోవచ్చు కాబట్టి అంతమందినీ నింపింది. అయితే మన నంబరును తమ ఫోనులో దాచుకున్నవాళ్ళకే ఆ సందేశాలు చేరతాయన్న సంగతి ఆమెకు తెలియదు. ఏడాదిగా చాలావరకు గాలికి చెప్పింది.

నా సలహా బెడిసికొట్టిన సంగతి

ఇక్కడ నా తప్పు ఒకటి రాయాలి. ఆ ఊళ్ళో జనం ముందు వెళ్ళేది ఆర్‌ఎంపీల దగ్గరికే కాబట్టి వాళ్ళను కలిసి పరిచయం చేసుకోమన్నాను. కలిసింది. మనిషికి వంద ఇస్తే పంపుతామని ఒకరిద్దరు అన్నారు. ఆమె నన్నడిగితే, నాకు ఇష్టం లేకపోయినా "ఒక నెల చూద్దాం" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మూడో వారంలో యాభై దాటిన ఒకాయనను భుజం నొప్పి అని పంపారు. ఎడమ భుజం. బోర్లా పడుకోబెట్టి నూనె రాస్తుంటే వీపు చల్లగా, తడిగా తగిలింది. ఫ్యాను కింద, డిసెంబరులో చెమట. లేపి అడిగితే దవడ కూడా బరువుగా ఉందన్నాడు. ఆమె అక్కడితో ఆపేసి, కింద మందుల షాపతన్ని పిలిచి, ఆటోలో ఆస్పత్రికి పంపింది. గుండెపోటు. సమయానికి చేరాడు కాబట్టి బతికాడు. "ముందే అడగకుండా పడుకోబెట్టాను మేడమ్" అని ఆ రాత్రి ఫోనులో ఏడ్చింది.

కమీషన్ల పద్ధతి ఆ రోజే ఆగిపోయింది. నీతి మాట పక్కన పెట్టినా అది మన పనికి పనికిరాదు. తలకింత అని డబ్బు ముట్టేటప్పుడు, ఎవరిని పంపకూడదో ఆలోచించే పని పంపేవాడికి ఉండదు. ఆ తర్వాత ఆమె గోడకు ఒక కాగితం అంటించింది. ఎడమ చేయి, దవడ, ఛాతీ బరువు. ఉన్నట్టుండి చేయి గానీ కాలు గానీ పట్టుతప్పడం. నడుము నొప్పితో పాటు మూత్రం మీద అదుపు పోవడం. కారణం లేకుండా బరువు తగ్గడం. దెబ్బ తగిలాక తగ్గని నొప్పి. జ్వరంతో కూడిన వెన్నునొప్పి. ఇవి అడిగిన తర్వాతే చేయి వేయాలి. ఒక్కటి ఉన్నా ముందు డాక్టరు చూడాలి.

నోటుపుస్తకం

పొడవాటి అకౌంటు పుస్తకం ఒకటి ఆమె దగ్గర ఉంది. తేదీ, పేరు, ఊరు, బాధ, ఇచ్చిన డబ్బు అందులో రాసేది. ఒక ఆదివారం అది తీసుకురమ్మన్నాను. కొత్తవాళ్ళ గురించి అడిగితే పాతవాళ్ళ పుస్తకం ఎందుకన్నట్టు చూసింది.

పద్నాలుగు నెలల్లో 61 పేర్లు. ఒకేసారి వచ్చి మళ్ళీ రానివాళ్ళు 34 మంది. రెండు మూడుసార్లు వచ్చి ఆగిపోయినవాళ్ళు 11. అయిదుసార్ల కన్నా ఎక్కువ వచ్చినవాళ్ళు 16. ఇంత చిన్న ఊళ్ళో, ఇంత తక్కువ ఖర్చుతో 61 మంది ఆమె గదిదాకా వచ్చారు. అంటే రాకపోవడం అసలు జబ్బు కాదు. వచ్చినవాళ్ళు నిలవడం లేదు. చిల్లు కుండలో ఇంకో బిందె నీళ్ళు పోసి ఏం లాభం?

ఆ 45 మందికీ ఫోను చేయమన్నాను. ఎలా అడగాలో దాని మీద కాసేపు వాదించుకున్నాం. "ఎందుకు రావడం లేదండీ?" అని అడిగితే మనవాళ్ళు మొహమాటానికి "పనుల్లో పడి కుదరలేదమ్మా" అంటారు, అక్కడితో అయిపోతుంది. అందుకని ఆ ప్రశ్నే వద్దన్నాను. "ఇప్పుడు నొప్పి ఎలా ఉంది?" అని అడిగి, వాళ్ళు చెప్పేది ఆపకుండా వినమన్నాను. 29 మంది మాట్లాడారు.

ఇద్దరు ముగ్గురికి ఒకే రోజుతో తగ్గిపోయింది, అందుకే రాలేదు. ఆ ముక్క ఎవరికీ చెప్పలేదు, ఆమె అడగలేదు కాబట్టి. మోకాళ్ళ నొప్పులవాళ్ళలో ఎక్కువమంది చెప్పింది మెట్ల గురించి. మందుల షాపు పక్కనుంచి పైకి పంతొమ్మిది మెట్లు, నిట్టనిలువుగా, పట్టుకోవడానికి ఒకవైపే గోడ. మోకాళ్ళు బాగుచేయించుకోవడానికి మోకాళ్ళు అరగదీసుకుంటూ ఎక్కాలి. ఆడవాళ్ళు కొందరు ఇంకో మాట చెప్పారు. మర్దన చేయించుకుని, చీర సర్దుకుని దిగేసరికి కింద షాపు ముందు మగవాళ్ళు నిలబడి ఉంటారు. అన్నిటికన్నా ఎక్కువమంది నోట వచ్చింది మాత్రం ఇది: "ఎన్నాళ్ళు రావాలో తెలియలేదమ్మా." ప్రతిసారీ చివర ఆమె "రేపు కూడా రండి" అనేది. రోజుకు 300. ఎన్ని రేపులో చెప్పకపోతే కూలికి పోయే ఇంట్లో ఎవరు మాత్రం ధైర్యం చేస్తారు?

నిలిచిన 16 మంది ఎవరని అడిగాను. పుస్తకంలో వృత్తి రాసే గడి లేదు. గుర్తుతెచ్చుకుని చెప్పింది. టీచర్లు ముగ్గురు, ఒక బ్యాంకు ఉద్యోగి, ఇంట్లో ఉండేవాళ్ళు కొందరు. అయిదుగురు మాత్రం ఒకే రకం: కుట్టుమిషన్ వాళ్ళు. ముగ్గురు జాకెట్లు కుడతారు, ఇద్దరు మగ్గం వర్క్ చేస్తారు. మెడ, భుజాలు, మణికట్టు. ఆ అయిదుగురిలో నలుగురికి బాగా తగ్గింది.

ఒక గుమ్మం

ఈ అయిదుగురినే పట్టుకుందామన్నాను. నా లెక్క ఇది. వీళ్ళ బాధ పనివల్ల వచ్చింది, ముదరకముందే వస్తారు, కాబట్టి ఫలితం కనిపిస్తుంది. చేయి ఆగితే ఆదాయం ఆగుతుంది కాబట్టి తగ్గించుకోవడానికి డబ్బు పెడతారు. మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఊళ్ళో ఒక టైలరమ్మ దగ్గరికి రోజూ పదిమంది ఆడవాళ్ళు కొలతలివ్వడానికో, ఫాల్స్ వేయించడానికో వస్తారు. కొలత తీసే రెండు నిమిషాల్లో ఎవరి ఆరోగ్యం ఎలా ఉందో మాటల్లోకి వచ్చేస్తుంది. పోయినసారి కన్నా నడుము ఎందుకు పెరిగిందో అడిగే హక్కు టైలరమ్మకు ఉన్నట్టు డాక్టరుకు కూడా లేదు.

ఆమె ఒప్పుకోలేదు. "సమగ్ర చికిత్స అంటే మొత్తం మనిషిని చూడటం కదా మేడమ్. మెడనొప్పి అని బోర్డు పెడితే మనం నేర్చుకున్నదంతా ఏమైపోతుంది?" ఆ బాధ నాకు తెలుసు, నేనూ పడ్డాను. ఇంట్లో గదులు ఎన్నైనా ఉండవచ్చు గానీ వీధిలోకి గుమ్మం ఒకటే ఉంటుంది అన్నాను. మెడతో లోపలికి వచ్చినావిడ నిద్ర గురించి, అజీర్ణం గురించి తనే చెబుతుంది. ఇరవై రెండు జబ్బులు రాసిన బోర్డు చూసి, తన జబ్బు ఈమెకు బాగా తెలుసని ఎవరూ అనుకోరు.

బోర్డుతో ఇంకో చిక్కు ఉంది. ఆమె నూనెలు, కషాయం పొడులు కూడా అమ్ముతోంది. ఔషధాలు, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనలను నిషేధించే 1954 నాటి చట్టం ఒకటి ఉంది. షుగరు, బీపీ, స్థూలకాయం, పక్షవాతం, స్త్రీలలో సంతానలేమి లాంటి వాటికి మా మందు పనిచేస్తుందని ప్రకటించడం దాని ప్రకారం నేరం. మన వృత్తిలో చాలామందికి ఆ జాబితా ఉన్నట్టే తెలియదు. మర్నాడే పెయింటరును పిలిపించి బోర్డు తుడిపించేసింది. కొత్తగా రాయించింది మూడు ముక్కలు: మెడ, భుజం, నడుము నొప్పులకు యోగ, మర్దన చికిత్స, స్త్రీలకు, కింది అంతస్తు.

కింది అంతస్తు అని రాయాలంటే దిగాలి కదా. పక్క వీధిలో ఒక ఇంటి ముందు గది 6,500కు దొరికింది. చేతిలో డబ్బు లేనప్పుడు అద్దె వెయ్యి పెంచుకోవడమేమిటని ఇంట్లో గొడవైంది. వెయ్యి అంటే నెలకు నాలుగు సిట్టింగులు. మెట్ల వల్ల పోయినవాళ్ళలో ఒక్కరు నిలిచినా వచ్చేస్తుంది. ఈ లెక్క కాగితం మీద వేసి ఇచ్చాను.

బల్బు

తర్వాత ఆమెను ఆ అయిదుగురిలో ఒకరి కొట్టుకు వెళ్ళి గంటసేపు ఊరికే కూర్చోమన్నాను. నన్నూ రమ్మంది, వెళ్ళాను.

ఎనిమిదడుగుల కొట్టు. పొట్టి ప్లాస్టిక్ స్టూలు, దాని ముందు ఎత్తైన మిషన్ బల్ల. బల్బు వెనక గోడకు, ఎడమ వైపు. నల్ల జాకెట్టు మీద నల్ల దారం వేస్తోంది ఆవిడ. బల్బు వెలుగుకు ఆవిడ తల నీడ సరిగ్గా సూది మీద పడుతోంది. ఆ నీడ తప్పించడానికి మెడ కుడికి వంచి, ముందుకు చాచి, ఎడమ భుజం చెవిదాకా ఎత్తి కుడుతోంది. పది నిమిషాలు చూసేసరికి నాకే మెడ పట్టేసింది. నెలరోజులుగా మా అమ్మాయి, అంటే నన్ను సలహా అడిగినామె, ఆ ఎడమ భుజాన్నే వదులు చేసి పంపుతోంది, ఆవిడ వచ్చి మళ్ళీ ఆ నీడలో కూర్చుంటోంది.

మిషన్‌కు తగిలించే చిన్న లైటు 180 రూపాయలకు తెప్పించాం. స్టూలు మీద పాత దుప్పటి నాలుగు మడతలు వేశాం. ప్రతి జాకెట్టుకూ ఒకసారి లేచి, గోడకు వీపు ఆనించి, గడ్డం లోపలికి లాక్కుని పది లెక్కపెట్టమని ఆమె చెప్పింది. రెండు వారాల తర్వాత ఆవిడ మాట: "నీ నూనె కన్నా నీ లైటు బాగా పనిచేసిందమ్మా." మా అమ్మాయి కాస్త చిన్నబుచ్చుకుంది గానీ, ఆవిడ ఆ మాట కొట్టుకు వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పింది. కరపత్రం మీద గాంధీజీ చేయలేని పని అది.

ఆషాఢం

ఎప్పుడు అన్నది ఇంకో నిర్ణయం. పెళ్ళిళ్ళ నెలల్లో టైలర్లకు తినడానికే తీరిక ఉండదు, అప్పుడు రమ్మంటే రారు. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, మిషన్లు ఖాళీ. శ్రావణం వచ్చిందంటే వరలక్ష్మీ వ్రతం జాకెట్లతో మళ్ళీ ఊపిరాడదు. మధ్యలో ఉన్నది ఆ నెల. బట్టల షాపుల్లా ఆషాఢం డిస్కౌంటు పెడతానంది. వద్దన్నాను. జనం భయపడింది మూడు వందలకు కాదు, అంతు తెలియకపోవడానికి. అందుకని ధర తగ్గించకుండా అంతు చెప్పాం: ఆరు సిట్టింగులు, 1,800 రూపాయలు, రెండు వారాల్లో పూర్తి. మూడో రోజుకు ఏ మార్పూ లేకపోతే ఆమే ఆపేసి మిగతా డబ్బు ఇచ్చేస్తుంది. మార్పు ఉందో లేదో తేల్చడానికి మొదటి రోజు కార్డు మీద ఒక్క ప్రశ్న రాసుకుంటుంది: మిషన్ ముందు ఎంతసేపు కూర్చుంటే నొప్పి మొదలవుతుంది? ఒకావిడ ఇరవై నిమిషాలు అంది, ఆరో రోజుకు గంట దాటింది. నూటికి ఇంత శాతం తగ్గిందని మనం చెప్పే మాట కన్నా ఇది వాళ్ళకు అర్థమవుతుంది.

ఆ ఆషాఢంలో 11 మంది టైలర్లు, మగ్గం వాళ్ళు చేరారు. తొమ్మిది మంది పూర్తి చేశారు. ఇద్దరిని ఆమే మధ్యలో పంపేసింది. ఒకావిడకు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు రాత్రిళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతే వచ్చే లక్షణం అది. రెండో ఆవిడకు భుజం పూర్తిగా బిగుసుకుపోయింది. షుగరు ఉన్నవాళ్ళలో అది ఎక్కువ. పరీక్ష చేయిస్తే ఉన్నట్టు తేలింది, అప్పటిదాకా ఆవిడకే తెలియదు. ఇద్దరికీ డబ్బు వెనక్కి ఇచ్చింది.

దసరా నాటికి ఆ టైలర్ల మాట మీద 26 మంది కొత్తవాళ్ళు వచ్చారు. వాళ్ళలో టైలర్లు నలుగురే, మిగతావాళ్ళు ఆ కొట్లకు జాకెట్లు ఇచ్చేవాళ్ళు. కనిగిరి వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. వెన్ను కర్రలా బిగుసుకుపోయి, మెడ తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పుతోంది. ఆ ప్రాంతపు నీళ్ళలో ఎముకలను బిగుసుకుపోయేలా చేసే ఫ్లోరైడు సంగతి మన దగ్గర అందరికీ తెలిసిందే. అలాంటి వెన్నును బలంగా నొక్కితే ప్రమాదం. ఆమె చేయి వేయకుండా ఒంగోలులో ఎముకల డాక్టరుకు చూపించమని చీటీ రాసిచ్చింది. ఏడాది క్రితమైతే ఆ 1,800 వదులుకునేది కాదని తనే చెప్పింది.

ఇప్పుడు ఎలా ఉంది

నెలకు పద్నాలుగు, పదిహేను వేల దాకా వస్తోంది. పెళ్ళిళ్ళ సీజనులో పడిపోతుంది, దానికి ఇంకా మందు దొరకలేదు. టీచర్లకు వేసవి సెలవుల్లో ఇదే పద్ధతి పెట్టి చూసింది. సెలవులు రాగానే అందరూ ఊళ్ళకు వెళ్ళిపోయారు, ఇద్దరే వచ్చారు. వాట్సాప్ సూత్రాలు మానేసింది. చివరి రోజు కార్డు మీద తన నంబరు రాసి, ఎదురుగానే ఫోనులో దాచుకోమంటుంది. నెల తర్వాత ఒకే ఒక్క సందేశం పంపుతుంది, నొప్పి ఎలా ఉందని. నోటుపుస్తకంలో ఇప్పుడు రెండు గడులు పెరిగాయి: చేసే పని, ఎవరు చెబితే వచ్చారు.

ఇది రాసి ఆమెకు చదివి వినిపించాను, తీసేయాల్సినవి ఉంటే చెప్పమని. అంతా విని ఒక్క దిద్దుబాటు చెప్పింది. "మెట్లు పంతొమ్మిది కాదు మేడమ్, ఇరవై ఒకటి. పద్నాలుగు నెలలు రోజూ ఊడ్చింది నేను."